పద్నాలుగు నిమిషాల చుట్టు

ఉస్తాద్ సంతకం పెట్టలేదు.

పెట్టకపోవడమే కాదు, కాగితం మీదికి దించిన కలాన్ని మళ్ళీ ఎత్తి, మూత బిగించి, జేబుకు తగిలించుకున్నారు. ఎదురుగా నిలబడి చూస్తున్న ఉజ్వల నిర్ఘాంతపోయింది. రెండేళ్ళలో ఆయన అలా చేయడం ఆమె చూడలేదు.

“ఏమైంది ఉస్తాద్? తప్పుందా?”

“ట్రయల్ ఎప్పుడు?”

“ఎల్లుండి శనివారం పొద్దున. సోమవారం నుంచి బస్సు మామూలుగా నడుస్తుంది.”

“శనివారం నేను గూడ వస్త,” అని ఆయన చేతికర్ర అందుకొని లేచి వెళ్ళిపోయారు.

ఆ మహానగరంలో సిటీ బస్సుల ఆఫీసుకు మూడో అంతస్తులో చార్టుల విభాగం ఉంది. ఏ బస్సు ఏ దారిన పోవాలో, ఎక్కడ ఎన్ని గంటలకు ఆగాలో గీసేది అక్కడే. ఖలీలుద్దీన్ సాబ్ ఆ గదిలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. రిటైరై పదహారేళ్ళయింది. అయినా కిటికీ పక్క ఆయన కుర్చీ అలాగే ఉంది, ఆయనా అందులో అలాగే ఉన్నారు. ఏ బస్సు ఎక్కడ ఎందుకు వంకర తిరుగుతుందో ఆయన తప్ప చెప్పేవాళ్ళు లేరు. అందుకని ఆయన్ని పొమ్మనే ధైర్యం ఏ అధికారికీ లేకపోయింది. కొత్త చార్టు మీద కింద ఎడమవైపు ఆయన పొట్టి సంతకం పడితేనే పై అధికారి పొడుగు సంతకం పడుతుంది. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు.

గదిలో అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. నిజానికి ఆయన షాగిర్దు, శిష్యురాలు అని చెప్పుకోదగ్గది మాత్రం ఉజ్వల ఒక్కతే. పెద్ద చదువు చదివి, కాంట్రాక్టు ఉద్యోగంలో చేరింది. మొదటి ఏడాదంతా ఆయన ఆమె చేతికి పెన్సిలే ఇవ్వలేదు. గోడకున్న పెద్ద మ్యాపు ముందు నిలబెట్టి ఒక్కో ప్రశ్న వేసేవారు.

“ఇరవై రెండో నంబరు ఇక్కడ ఎందుకు వంగింది?”

ఆమె పాత ఫైళ్ళ దుమ్ము దులిపి, రిటైరైన డ్రైవర్ల ఇళ్ళు వెతుక్కుంటూ పోయి, మూడు రోజులకు జవాబు తెచ్చేది. అక్కడొక బట్టల మిల్లు ఉండేది. షిఫ్టు వదిలే వేళకు రెండు వేల మంది రోడ్డు మీదికి వచ్చేవారు.

“ఇప్పుడు మిల్లుందా?”

“లేదు ఉస్తాద్. మూసి ముప్పై ఏళ్ళయింది.”

“మరి బస్సు ఎవరి కోసం వంగుతున్నది?”

ఆయన నవ్వి, రబ్బరు తీసి ఆ వంపు తుడిపేసేవారు.

అలా ఎన్నో. వరదకు వంతెన కొట్టుకుపోతే చుట్టుదారి పట్టిన బస్సొకటి, కొత్త వంతెన కట్టి ఇరవై ఏళ్ళయినా ఆ చుట్టుదారినే పోతోంది. ఒక చోట సినిమా హాలు పోయి పెళ్ళిళ్ళ హాలు వచ్చింది, అదీ పోయి కార్ల షోరూము వచ్చింది, కండక్టర్లు మాత్రం ఇంకా సినిమా హాలు పేరే అరుస్తున్నారు. ఊళ్ళో మనుషులు మారతారు, ఇళ్ళు మారతాయి, బస్సు మాత్రం చచ్చిపోయిన వాళ్ళ కోసం కూడా రోజూ వెళ్ళి ఆగి వస్తుంది. ఉజ్వలకు ఇదంతా భలే తమాషాగా ఉండేది. పాత వంపు కనపడిందంటే దాని కారణం ఎప్పుడో చచ్చి ఉంటుందని, తుడిపేయడమే మన పని అని ఆమె గట్టిగా అనుకుంది. ఉస్తాద్ ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆమే అనుకుంది.

నలభై తొమ్మిదో నంబరు అలాంటప్పుడే ఆమె కంట పడింది.

రాతిబండ కాలనీ నుంచి ఊళ్ళోని పెద్ద దవాఖానకు పోయే బస్సు అది. కాలనీలో ఉండేది రాళ్ళు కొట్టేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు. యాభై నిమిషాలకు ఒక్క బస్సు. ఇంకొన్ని వేయమని వాళ్ళు పెట్టుకున్న అర్జీలు ఒక అలమరా నిండా ఉన్నాయి. బస్సులు లేవన్నదే ఎప్పుడూ జవాబు.

ఉజ్వల ఆ చార్టు కంప్యూటర్లో తెరిచి చూసి ముందు నమ్మలేకపోయింది. తర్వాత గది అంతా వినపడేలా నవ్వింది. “ఇది చూడండి! ఈ బస్సు గుండ్లకుంట చౌరస్తాకు వస్తుంది. అక్కణ్ణుంచి పద్నాలుగు నిమిషాలు ఎక్కడెక్కడో తిరిగి, మళ్ళీ గుండ్లకుంట చౌరస్తాకే వస్తుంది! ఒకే స్టాపుకు రెండుసార్లు!”

గదిలో అందరూ పడీపడీ నవ్వారు. ఏ కాలపు గుమాస్తా చేసిన పొరపాటో అన్నారు. ఆ వారం ఉస్తాద్ మోకాలి నొప్పికి సెలవులో ఉన్నారు.

ఉజ్వల ఆ చుట్టును తీసిపారేసింది. కొత్త చార్టులో నలభై తొమ్మిది గుండ్లకుంట దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుంది. జనం అక్కడ దిగి, పెద్దరోడ్డు మీద దవాఖాన వైపు పోయే బస్సు ఎక్కాలి. మారడానికి నాలుగు నిమిషాలు. దీంతో ఒక్క బస్సు కూడా కొత్తగా కొనకుండా కాలనీకి ఇరవై నిమిషాలకొక బస్సు వస్తుంది. పై అధికారి లెక్క రెండుసార్లు చూసి, కుర్చీలోంచి లేచి ఆమెకు చేయి కలిపాడు. సోమవారం నుంచి ఇది నడిస్తే ఉద్యోగం పర్మనెంటు చేయమని తానే రాస్తానన్నాడు. శనివారం ట్రయల్‌కు అప్పుడే అనుమతి ఇచ్చాడు. ఉస్తాద్ సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ సంతకమే పడలేదు.

రెండు రోజులూ ఉజ్వలకు తిండి సహించలేదు. తప్పుంటే తప్పని చెప్పాలి కదా. చార్టు మొత్తం నూటొక్కసారి చూసుకుంది, ఎక్కడా నిమిషం తేడా లేదు. చివరికి ఆమె మనసులోకి ఒక పాడు ఆలోచన వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళలో తనకు తట్టనిది నిన్న మొన్న వచ్చిన పిల్లకు తట్టిందని ముసలాయనకు కడుపుమంటేమో. అలా అనుకున్నందుకు ఆమెకే సిగ్గేసింది, కానీ అనుకోవడం మానలేదు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు ట్రయల్ బస్సు రాతిబండ కాలనీలో బయల్దేరింది. ఉస్తాద్ తెల్లటి కుర్తా, పాత తోలు చెప్పులు వేసుకొని ముందు సీట్లో కూర్చున్నారు. కర్ర కాళ్ళ మధ్య పెట్టుకున్నారు.

ఉజ్వల పక్కన ఒక నిండు గర్భిణి, ఆమె అత్త కూర్చున్నారు. కోడలి ఒళ్ళో దవాఖాన ఫైలు ఉంది.

“ఇగ ఇరవై నిమిషాలకో బస్సొస్తదంట గదా అక్కా?” అంది కోడలు.

“అవును. కొత్త చార్టు నేనే వేసిన,” అంది ఉజ్వల. చెప్పకుండా ఉండలేకపోయింది.

అత్త ఆమె చేయి పట్టుకుంది. “నీ కడుపు సల్లగుండ బిడ్డా. బస్సు కోసం ఎండల నిలబడి నిలబడి మా పానాలు పోతున్నయి.”

ఉజ్వల ఉస్తాద్ వైపు చూసింది. ఆయన విన్నారో లేదో తెలియలేదు.

కాలనీ రోడ్డు వెళ్ళి పెద్దరోడ్డును కలిసే చోట బస్సు ఆగింది. కండక్టరు తలుపు కొట్టి అరిచాడు. “గుండ్లకుంట! ఇదే ఆఖరు. అందరు దిగి బస్సు మారాలె. దవాఖాన బస్సు నాల్గు నిమిషాలకున్నది.”

ఇరవై మంది దాకా దిగారు. ఉజ్వల అందరికన్నా ముందు దిగి, ఉస్తాద్‌కు చేయి అందించింది. ఆయన రోడ్డు అంచున నిలబడి చుట్టూ చూశారు.

“దవాఖాన బస్సు ఎక్కడాగుతది బేటా?”

“అదిగో ఉస్తాద్, అవతల...” అని చేయి చాపింది ఉజ్వల. చేయి చాపాకే ఆమె అక్కడ ఏముందో చూసింది.

ఆ రోడ్డు ఆమెకు తెలియనిది కాదు. రోజూ స్కూటీ మీద దాని మీదుగానే ఆఫీసుకు వస్తుంది. ఎన్నడూ అక్కడ ఆగలేదు, అంతే. ఇటు మూడు వరుసలు, అటు మూడు వరుసలు. సిగ్నలు లేదు. మధ్య డివైడరు మీద నడుమెత్తు ఇనుప ఊచలు. లారీలు, టిప్పర్లు, దూరం పోయే బస్సులు ఒకదాని వెనక ఒకటి, గాలికి మనిషి తూలేంత జోరుగా పోతున్నాయి. వాటన్నిటికీ అవతల, చేతి వేలంత కనపడుతోంది దవాఖాన బస్సు ఆగే స్తంభం. దాని పేరు గుండ్లకుంట చౌరస్తానే. కంప్యూటర్లో రెండింటికీ కలిపి ఒక్కటే చుక్క.

ఆమె కండక్టరు వైపు తిరిగింది. “కండక్టరన్నా, దాటే దారి లేదా?”

“అటు అర కిలోమీటరు పోతే మెట్ల వంతెన ఉన్నది మేడం. ఎక్కి, దిగి, మళ్ళ ఆ స్టాపుదాక నడిచొస్తే ఇరవై నిమిషాలు పడ్తది.”

“మరి నాలుగు నిమిషాల్లో...”

“నాల్గు నిమిషాలన్నవు,” అన్నారు ఉస్తాద్, చేతి గడియారం చూసుకుంటూ. “ఒకటి అయిపాయె.”

అని కర్ర ముందుకు వేసి రోడ్డు మీదికి దిగారు.

ఉజ్వలకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మోకాలు వంగని మనిషి, తెల్ల కుర్తాలో, తన చార్టులో రాసినట్టే, అవతల బస్సు అందుకోవడానికి నడిచి వెళ్తున్నాడు. ఒక అడుగు. రెండు అడుగులు. కుడివైపు నుంచి లారీ హారను ఆగకుండా మోగింది. ఆయన అటు చూడలేదు.

ఆమె అరిచిందో లేదో ఆమెకే తెలియదు. ఉరికి ఆయన కుర్తాను వెనక నుంచి రెండు చేతులా పట్టుకొని లాగింది. ఇద్దరూ వెల్లకిలా రోడ్డు అంచున పడ్డారు. లారీ వాళ్ళ కాళ్ళ ముందు నుంచి పోయింది. డ్రైవరు తిట్టిన తిట్టు సగమే వినపడింది. ఉస్తాద్ ఎడమ చెప్పు రోడ్డు మీద ఉండిపోయింది. దాని మీదుగా ఒక టిప్పరు పోయింది, తర్వాత ఇంకొకటి పోయింది.

ఉజ్వల ఆ చెప్పు వైపే చూస్తోంది.

“ఎందుకు పట్టుకున్నవు?” అన్నారు ఉస్తాద్, నేల మీద కూర్చునే. “దిగుమన్నది నువ్వే కద.”

ఆమె జవాబు చెప్పేలోపే పక్క నుంచి కాళ్ళు కదిలిన చప్పుడు వినపడింది. తలెత్తి చూసింది. బస్సు దిగిన ఇరవై మందీ రోడ్డు అంచుకు వచ్చి వరసగా నిలబడ్డారు. పనిముట్ల సంచి భుజాన వేసుకున్నతను పంచె ఎగగట్టాడు. అత్తగారు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. కోపమూ లేదు. ఇక్కడ మారమన్నారు, మారుతున్నారు. బస్సు పోతే పని పోతుంది, దవాఖానలో చీటీ పోతుంది. లారీల మధ్య సందు కోసం అందరూ కుడివైపే చూస్తున్నారు.

డివైడరు మీద ఒక చోట రెండు ఊచలు వంచి ఉన్నాయి. మనిషి పక్కకు తిరిగితే దూరేంత సందు. ఎవరెవరు ఎన్నిసార్లు దూరారో, ఆ ఊచలకు రంగు పోయి నున్నగా మెరుస్తున్నాయి. గర్భిణి ఆ సందు వైపు చూసింది. తన కడుపు వైపు చూసుకుంది. మళ్ళీ సందు వైపు చూసింది.

“అక్కా,” అంది ఉజ్వలతో, ఎంతో మామూలుగా, “నేను అండ్ల దూరతనా?”

ఉజ్వల ఎలా లేచిందో లేచింది. వాళ్ళకూ రోడ్డుకూ మధ్య నిలబడి రెండు చేతులూ బార్లా చాపింది. “వద్దు! ఎవ్వరూ దిగొద్దు! వెనక్కి నడవండి! మళ్ళీ బస్సెక్కండి!”

“గిదేంది బిడ్డా,” అంది అత్త చిరాగ్గా, “ఒకపారి దిగుమంటరు, ఒకపారి ఎక్కుమంటరు. మా దవాఖాన బస్సు పోతది.”

పోనే పోయింది. అవతలి స్తంభం దగ్గర దవాఖాన బస్సు వచ్చి ఆగింది, ఎవరూ ఎక్కలేదు, కదిలి వెళ్ళిపోయింది. ఉజ్వల గడియారం చూసుకుంది. చార్టులో వేసిన నిమిషానికే వచ్చింది. చార్టులో వేసిన నిమిషానికే పోయింది. పది నిమిషాల ముందైతే అది చూసి ఎగిరి గంతేసేది. ఇప్పుడు ముఖం తిప్పుకుంది.

అందరినీ బతిమాలి, చేతులు పట్టుకొని, బస్సెక్కించింది. ఉస్తాద్‌ను తానే లేపి, ఒంటి చెప్పుతో ఉన్న ఆయన్ని మెట్లెక్కించి సీట్లో కూర్చోబెట్టింది. ఆయన మోచేయి గీరుకుపోయి రక్తం వస్తోంది. చున్నీ అంచుతో అద్దింది. ఆయన వద్దనలేదు.

తర్వాత డ్రైవరు దగ్గరికి వెళ్ళింది. “అన్నా, ఎడమకు తిప్పు. ముందుకు పోయి ఫ్లైఓవరు కింద మలుపు తీసుకొని అవతలి స్టాపుకు తీసుకుపో.”

“కొత్త చార్టుల అది లేదు మేడం. ఇది ఆఖరు స్టాపు.”

“తెలుసు.”

“పాత చార్టు లెక్కన పొమ్మంటవా?”

“పాత చార్టు లెక్కనే.”

డ్రైవరు గేరు వేశాడు. వేస్తూ, ఆమె ముఖం చూసి, కొంచెం మెత్తగా అన్నాడు. “ఈ జాగ సంగతి డిపోల అందరికి ఎర్కే మేడం.”

“మరి ఒక్కరైనా నాతో ఎందుకు చెప్పలేదన్నా?”

“మమ్ముల ఎవరడిగిన్రు?”

ఉజ్వలకు చెంప మీద కొట్టినట్టయింది. చార్టులన్నీ గీయడానికి ముందు పాత డ్రైవర్ల ఇళ్ళు వెతుక్కుంటూ పోయిన మనిషి ఆమె. ఈ ఒక్కదానికి పోలేదు. తప్పు ఇంత కొట్టొచ్చినట్టు కనపడుతుంటే అడగడం దేనికనుకుంది.

బస్సు పెద్దరోడ్డెక్కింది. దవాఖానకు ఎదురు దిక్కున, ఊరి బయటికి. గది అంతా కలిసి నవ్విన చుట్టు ఇదే. ఆమె వచ్చి ఉస్తాద్ పక్కన కూర్చుంది. కిటికీలోంచి గోదాములు, టైర్ల దుకాణాలు, ఖాళీ జాగాలు పోతున్నాయి. వెనక సీట్లో అత్తాకోడళ్ళు పుట్టబోయే బిడ్డకు పేరు గురించి పోట్లాడుకుంటున్నారు. ఫ్లైఓవరు కింద బస్సు నెమ్మదిగా, వెడల్పుగా తిరిగింది. ఎవరూ సీట్లోంచి లేవలేదు. ఎవరూ ఏదీ దాటలేదు.

సోమవారం సంగతి, పర్మనెంటు సంగతి ఆమెకు గుర్తు రాలేదని కాదు. వచ్చాయి. కానీ వాటి మీద మనసు నిలవడం లేదు. వంగిన ఊచలు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. వాటి వెనకే ఉస్తాద్ కుర్తా, ఆ లారీ. కుర్తా గుడ్డ పాతది. లాగినప్పుడు చిరిగి ఉంటే?

అది తలచుకోగానే ఆమెకు ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది.

“ఉస్తాద్, మీకేమన్నా అయి ఉంటే? నోటితో చెప్తే సరిపోయేది కదా. ఇక్కడ రోడ్డు ఇట్లున్నది, ఈ చుట్టు తీయొద్దని ఒక్క మాట! మీరు చెప్తే నేను విననా?”

బస్సు అవతలి వైపు నుంచి వెనక్కి వస్తోంది. వాళ్ళు ఇందాక నిలబడిన చోటు, డివైడరుకు ఆవల, దగ్గరవుతోంది. ఆయన అటే చూస్తున్నారు.

“మా ఉస్తాద్ నాకు నోటితోనే చెప్పిండు బేటా, నేను వినలే,” అన్నారు. “ఈ చుట్టు నేను తర్వాత గీసిన.”

దేని తర్వాత అని ఉజ్వల అడగలేదు.